ఏ సీఎంఎస్ పెడితే గూగుల్‌లో కనబడతాం?

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా కొత్తగా వెబ్‌సైట్ పెట్టించుకోవాలనుకునే కాలేజీ యాజమాన్యం గానీ, ఆసుపత్రి గానీ, చేనేత సహకార సంఘం గానీ ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఏది పెడితే గూగుల్‌లో మొదట వస్తాం? ఒకరు వర్డ్‌ప్రెస్ అంటారు, ఒకరు విక్స్ అంటారు, మరొకరు తమ సంస్థ సొంతంగా తయారుచేసుకున్న ప్యానెల్‌కు సాటి లేదంటారు. ఎవరికి వచ్చిన పనిని వారు సిఫారసు చేయడం సహజమే గానీ, అడిగినవారికి మాత్రం చిక్కు విడదు.

కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే సీఎంఎస్ (సైట్‌లో విషయాన్ని పెట్టడానికి, మార్చడానికి వాడే సాఫ్ట్‌వేర్), తనంత తానుగా ఏ సైట్‌నూ పైకి తీసుకుపోదు. వర్డ్‌ప్రెస్‌లో తయారైందని గూగుల్ ఒక పేజీకి ప్రత్యేకంగా మార్కులు వేయదు. బ్లాగర్ తన సొంత సేవే అయినా దానికీ వేయదు. మనం రాసినదాన్ని సెర్చ్ ఇంజన్‌కు సవ్యంగా అందించడం వరకే సీఎంఎస్ బాధ్యత, అందులో అది అడ్డుపడకపోతే చాలు. అందుచేత ఎంపిక చేసేటప్పుడు అడగవలసింది ఇది: తెలుగులో రాసే విషయానికి, మన ఊర్ల పేర్లకు, సైట్‌ను రోజూ చూసుకోబోయే మన ఆఫీసు మనిషికి ఏ సీఎంఎస్ తక్కువ అడ్డు వస్తుంది? ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైట్ బాగా కనబడేలా చేసే పని) గురించి దొరికే సలహాల్లో అత్యధికం ఇంగ్లీషు సైట్లను దృష్టిలో పెట్టుకొని చెప్పినవి కాబట్టి, తెలుగు సైట్లకు ఎదురయ్యే అసలు ఇబ్బందులు వాటిలో కనబడవు.

సెర్చ్ ఇంజన్ పని మూడు దశల్లో సాగుతుంది. దాని రోబో లింకుల వెంట వచ్చి పేజీని తెచ్చుకుంటుంది, అందులోని విషయాన్ని తన సూచికలో చేర్చుకుంటుంది, ఎవరైనా వెతికినప్పుడు సరిపోయే పేజీలను వరుసలో పేర్చి చూపిస్తుంది. మొదటి రెండు దశల్లో సీఎంఎస్ ప్రమేయం చాలా ఎక్కువ. మూడో దశలో మాత్రం ఆ పేజీలో ఏం రాశారు, దాన్ని ఎవరు నమ్మి లింకు ఇచ్చారు అన్నవే ప్రధానం. ర్యాంకు గ్యారంటీ అని చెప్పి సీఎంఎస్ అమ్మేవారు ఈ తేడాను సాధారణంగా ప్రస్తావించరు.

అక్షరాల దగ్గరే మొదలయ్యే తిప్పలు

మన జిల్లాల్లో చాలా సంస్థల సమాచారం ముందుగా తయారయ్యేది డీటీపీ సెంటర్‌లో. కరపత్రం, బ్రోచర్, అడ్మిషన్ల ప్రకటన అన్నీ అను వంటి పాత ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో టైప్ అవుతాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చి చేసినవి. ఆ ఫైల్ నుంచి కాపీ చేసి సీఎంఎస్‌లో అతికిస్తే తెర మీద పిచ్చి గుర్తులు వస్తాయి. అప్పుడు డిజైనర్ చేసే పని అందరికీ తెలిసిందే: మొత్తం బ్రోచర్‌ను జేపెగ్ బొమ్మగా మార్చి పేజీలో పెట్టేస్తారు. చూసేవారికి తెలుగు చక్కగా కనబడుతుంది గానీ, సెర్చ్ ఇంజన్ దృష్టిలో ఆ పేజీ దాదాపు ఖాళీ. బొమ్మల్లోని అక్షరాలను గూగుల్ కొంతవరకు చదవగలిగినా దాన్ని నమ్ముకొని సైట్ నడపలేము. పాత ఫాంట్లలో చేసిన పీడీఎఫ్‌లదీ ఇదే పరిస్థితి. పైకి తెలుగు, లోపల అర్థం లేని లాటిన్ గుర్తులు.

దీనికి ఏ సీఎంఎస్ దగ్గరా మందు లేదు. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి చదివి సరిచూసి, అక్షరాలుగానే పెట్టాలి. అయితే ఎంపిక విషయంలో ఇక్కడ ఒకటి గమనించాలి. కొన్ని సైట్ బిల్డర్లు, కొన్ని రెడీమేడ్ టెంప్లేట్లు బొమ్మల చుట్టూనే అల్లినవి. పెద్ద బ్యానర్, దాని మీద నాలుగు మాటలు, కింద మళ్లీ బ్యానర్. అటువంటి దాంట్లో పేరాలు పేరాలుగా తెలుగు పెట్టడానికి చోటే ఉండదు. రాయడానికి వీలు లేని చోట ఎస్‌ఈఓ గురించి మాట్లాడటం దండగ.

చిరునామా: అన్నిటికన్నా ఎక్కువ చూడవలసింది

పేజీ చిరునామా, అంటే యూఆర్ఎల్, ఒకసారి బయటికి వెళ్లాక వెనక్కి రాదు. వాట్సాప్‌లో తిరుగుతుంది, ఇతర సైట్లలో లింకుగా చేరుతుంది, సెర్చ్ సూచికలో నిలిచిపోతుంది. ఇతర విషయాల్లో సర్దుకుపోవచ్చు గానీ, చిరునామాల మీద పూర్తి అధికారం ఇవ్వని సీఎంఎస్‌ను తీసుకోవద్దన్నదే నా అభిప్రాయం.

తెలుగు శీర్షిక పెట్టినప్పుడు సీఎంఎస్ ఏ చిరునామా తయారు చేస్తుందో ముందే చూడాలి. బ్లాగర్‌లో శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే దానికి అందులో అక్షరాలేవీ పనికిరావు. కాబట్టి ప్రతి టపాకూ "బ్లాగ్-పోస్ట్" అనే పేరు పెట్టి, తర్వాతి వాటికి పక్కన ఒక అంకె తగిలిస్తుంది. తెలుగు బ్లాగుల్లో ఏళ్ల తరబడి రాసిన టపాలు అనేకం ఇలా పేరు లేని చిరునామాలతోనే మిగిలిపోయాయి. ప్రచురించే ముందు కుడి వైపు సెట్టింగుల్లో "కస్టమ్ పర్మాలింక్" ఎంచుకొని ఇంగ్లీషు లిపిలో మనమే పేరు ఇవ్వవచ్చు గానీ, ముందుండే సంవత్సరం, నెల మాత్రం తీసేయడానికి కుదరదు.

వర్డ్‌ప్రెస్ ఇందుకు భిన్నంగా తెలుగు శీర్షికను తెలుగులోనే చిరునామాగా మారుస్తుంది. బ్రౌజర్ పైన చూస్తే ముచ్చటగానే ఉంటుంది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినప్పుడు అసలు రూపం బయటపడుతుంది, ఎందుకంటే యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రూపంలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు, వెరసి ఒక్క సంకేతానికి తొమ్మిది గుర్తులు. నల్గొండ అన్న చిన్న పేరులో పొల్లు, గుణింతం, సున్నాలతో కలిపి ఏడు సంకేతాలు ఉన్నాయి. అంటే 63 గుర్తులు. వర్డ్‌ప్రెస్ డేటాబేస్‌లో చిరునామాకు కేటాయించిన చోటు 200 గుర్తులే. "మిర్యాలగూడ రైస్ మిల్లుల చిరునామాలు" అని శీర్షిక పెడితే మొదటి మూడు పదాలకే 191 గుర్తులు అయిపోయి, నాలుగో పదం పూర్తిగా తెగిపోతుంది. తెలుగు చిరునామా ఉంటే గూగుల్ ర్యాంకు తగ్గించదు, దానికి అర్థమవుతుంది. ఇబ్బందల్లా మనుషులకే. బారెడు పొడవున్న శాతం గుర్తుల లింకును చూసి ఇదేదో మోసం లింకు అని నొక్కకుండా వదిలేసేవారు తక్కువేమీ కాదు. అందువల్ల శీర్షిక తెలుగులో, చిరునామా ఇంగ్లీషు లిపిలో పొట్టిగా, రెండూ వేర్వేరుగా ఇచ్చే వీలుండాలి. వర్డ్‌ప్రెస్‌లో ఆ పెట్టె పేరు స్లగ్. ప్రతిసారీ గుర్తుపెట్టుకొని నింపాలి, అంతే.

రెండోది, చిరునామా దేనితో ముడిపడి ఉందన్నది. మన ప్రాంతంలో దీనికి మంచి ఉదాహరణ జిల్లాల పునర్వ్యవస్థీకరణే. 2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా జిల్లా అయింది. అంతకుముందు తయారైన సైట్‌లో గద్వాల చీరల పేజీ మహబూబ్‌నగర్ విభాగం కింద ఉండి, ఆ విభాగం పేరు చిరునామాలో భాగమై ఉంటే, జిల్లా మారిన రోజు రెండే దారులు: తప్పు జిల్లా పేరుతో చిరునామాను అలాగే ఉంచుకోవడం, లేదా మార్చి పాత లింకులన్నీ తెగిపోకుండా చూసుకోవడం. జూమ్లా అనే సీఎంఎస్‌లో చిరునామాలు మెనూను అనుసరించి తయారవుతాయి కాబట్టి మెనూలో ఒక అంశాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి జరిపినా చిరునామా మారిపోయే ప్రమాదం ఉంది. విభాగాన్ని మార్చినా చిరునామా చెక్కుచెదరని ఏర్పాటు ఉన్నది మేలు.

మార్చక తప్పనప్పుడు కావలసింది 301 రీడైరెక్ట్. పాత చిరునామాకు వచ్చినవారిని, రోబోలను కూడా, కొత్త చోటికి శాశ్వతంగా మళ్లించే సూచన ఇది. వర్డ్‌ప్రెస్‌లో ఒక పోస్టు స్లగ్ మారిస్తే పాతదాన్ని అది గుర్తుపెట్టుకొని తానే మళ్లిస్తుంది, కానీ పేజీలకు ఆ హామీ లేదు. రీడైరెక్ట్ ప్లగిన్ (అదనపు సౌకర్యం కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) వేసుకోవాలి. విక్స్, ఆన్‌లైన్ దుకాణాలకు వాడే షాపిఫై, బ్లాగర్ మూడింటిలోనూ రీడైరెక్టులకు విడిగా చోటు ఉంది. స్థానిక కంపెనీలు సొంతంగా రాసుకున్న ప్యానెళ్లలో మాత్రం చాలాసార్లు ఈ అంశమే ఉండదు, అడిగితే "సర్వర్‌లో మేమే చేస్తాం" అంటారు. వారు ఫోన్ ఎత్తినంత కాలం అది నిజమే.

ఒకే ఊరు, నాలుగు ట్యాగులు

పేర్ల రాతలో ఉన్న వైవిధ్యం ఇంకో సమస్య. నల్గొండ అని రాసేవారు, నల్లగొండ అని రాసేవారు ఇద్దరూ ఉన్నారు. మహబూబ్‌నగర్‌ను కొందరు కలిపి, కొందరు విడదీసి రాస్తారు, పాలమూరు అనేవారు సరేసరి. కలిపి రాసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు ఉంటే తప్ప "బ్" కింద "న" వత్తుగా చేరిపోతుంది. కొన్ని కీబోర్డులు ఆ గుర్తును సులువుగా ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. వెతికేవారు ఎలా టైప్ చేసినా గూగుల్ చాలావరకు పోల్చుకుంటుంది. సీఎంఎస్ పోల్చుకోదు. దానికి ఒక్క గుర్తు తేడా ఉన్నా అది వేరే పదమే.

ముగ్గురు ఉద్యోగులు వార్తలు పెట్టే కాలేజీ సైట్‌ను ఊహించుకోండి. ఒకరు నల్గొండ అని, ఒకరు నల్లగొండ అని, మూడోవారు నల్లగొండ జిల్లా అని ట్యాగ్ పెడతారు. వర్డ్‌ప్రెస్ ప్రతి ట్యాగుకూ ఒక ప్రత్యేక పేజీని తయారుచేసి సైట్‌మ్యాప్‌లోనూ (సెర్చ్ ఇంజన్‌కు ఇచ్చే పేజీల జాబితా) చేరుస్తుంది. ఏడాది తిరిగేసరికి రెండేసి పోస్టులున్న పలుచని పేజీలు వందల్లో పేరుకుంటాయి, ఒకే విషయం మీద ఉండవలసిన బలం నాలుగు చోట్లకు చీలిపోతుంది. వర్డ్‌ప్రెస్‌లో రచయిత స్థాయి అనుమతి ఉన్నవారు కొత్త ట్యాగులు సృష్టించగలరు, కొత్త కేటగిరీలు సృష్టించడానికి మాత్రం ఎడిటర్ స్థాయి కావాలి. కాబట్టి ఊర్లను, జిల్లాలను కేటగిరీలుగా ముందే పెట్టి, ట్యాగులను పూర్తిగా మానేసినా వచ్చే నష్టం లేదు. ఏ సీఎంఎస్ తీసుకున్నా, వర్గాలను ఎవరు సృష్టించవచ్చో నియంత్రించే వీలు, అనవసర పేజీలకు "నోఇండెక్స్" (సూచికలో చేర్చవద్దనే సూచన) పెట్టే వీలు ఉన్నాయా అని అడగాలి.

శీర్షిక, వివరణ, కీవర్డుల పెట్టె

ఫలితాల్లో నీలి రంగులో కనబడే శీర్షిక, దాని కింద రెండు వరుసల వివరణ పేజీవారీగా విడివిడిగా రాసుకునే వీలుండాలి. శీర్షిక ర్యాంకు మీద ప్రభావం చూపుతుంది. వివరణ నేరుగా చూపదు, నొక్కాలా వద్దా అని చదివేవారు నిర్ణయించుకోవడానికి పనికొస్తుంది. గూగుల్ తనకు నచ్చకపోతే రెండింటినీ మార్చి చూపించవచ్చు కూడా. వర్డ్‌ప్రెస్ మూలంలో వివరణకు పెట్టె లేదు, అందుకే యోస్ట్, ర్యాంక్ మ్యాథ్ వంటి ప్లగిన్లు అంత ప్రాచుర్యం పొందాయి. ఆ ప్లగిన్లలో వెలిగే పచ్చ, ఎర్ర దీపాలను చూసి కంగారు పడనక్కరలేదు. అవి ప్లగిన్ తయారీదారుల లెక్కలే తప్ప గూగుల్ ఇచ్చే మార్కులు కావు.

ఇక మెటా కీవర్డుల పెట్టె, అంటే పేజీకి సంబంధించిన మాటలను సెర్చ్ ఇంజన్ కోసం విడిగా రాసే చోటు. వెబ్ ర్యాంకింగులో వాటిని పట్టించుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇప్పటికీ దాన్ని ప్రత్యేక సౌకర్యంగా చూపించి అమ్మే ప్యానెల్ ఉంటే, దాన్ని ఎప్పుడు తయారుచేశారో అంచనా వేసుకోవచ్చు.

సైట్‌మ్యాప్ గురించి పెద్దగా చెప్పనవసరం లేదు. వర్డ్‌ప్రెస్‌లో 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి అది మూలంలోనే ఉంది, మిగతా పేరున్న సీఎంఎస్‌లలోనూ దొరుకుతుంది.

తెలుగు, ఇంగ్లీషు రెండూ కావాలంటే

ఇక్కడి సంస్థలకు ఇది తరచూ వచ్చే అవసరం. పోచంపల్లి ఇకత్ చీర కొనేవారు దిల్లీలో ఉండవచ్చు, నేతకారుల సంఘానికి నోటీసు మాత్రం తెలుగులో ఉండాలి. ఒకే పేజీలో పై సగం ఇంగ్లీషు, కింది సగం తెలుగు పెట్టడం కన్నా రెండు చిరునామాల్లో రెండు పేజీలు పెట్టి, ఇవి ఒకదానికొకటి భాషాంతరాలని "హెచ్‌రెఫ్‌ల్యాంగ్" సూచనతో చెప్పడం సరైన పద్ధతి. బటన్ నొక్కితే చిరునామా మారకుండా భాష ఒక్కటే మారే ఏర్పాటు చూడటానికి బాగుంటుంది గానీ, రెండో భాష పేజీ సెర్చ్ ఇంజన్‌కు విడిగా దొరకదు.

ద్రూపల్ అనే సీఎంఎస్‌లో 2015లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ నుంచి బహుభాషా ఏర్పాటు మూలంలోనే పటిష్ఠంగా ఉంది. జూమ్లాలో కూడా మూలంలోనే ఉంది. వర్డ్‌ప్రెస్‌లో లేదు, పాలీల్యాంగ్, డబ్ల్యూపీఎంఎల్ వంటి ప్లగిన్ల మీద ఆధారపడాలి. యంత్రానువాదంతో వందల పేజీలను ఒక్క రాత్రిలో తెలుగులోకి మార్చేస్తామనే ప్లగిన్లకు దూరంగా ఉండటం మంచిది. ఎవరూ చదివి సరిదిద్దని అనువాదాలను గుట్టలుగా పెట్టడం గూగుల్ స్పామ్ నిబంధనల కిందికి రావచ్చు, అంతకుమించి ఆ తెలుగు చదివేవారికి విసుగు పుట్టిస్తుంది.

వేగం

పేజీ వేగాన్ని గూగుల్ మూడు కొలతలతో చూస్తుంది. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, తెరుచుకునేటప్పుడు పేజీ అటూ ఇటూ కదలడం 0.1 మించకూడదు. రెండోది 2024 మార్చిలో పాత కొలత స్థానంలో వచ్చింది. ఇవన్నీ ల్యాబులో కాక నిజంగా క్రోమ్ వాడేవారి ఫోన్ల నుంచి వచ్చే లెక్కలు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరిచినప్పుడు ఏమవుతుందన్నది ఇందులో లెక్కకు వస్తుంది, హైదరాబాద్ ఆఫీసులో వైఫై మీద డెవలపర్ చూపించిన డెమో రాదు. చిన్న సైట్లకు సందర్శకులు తక్కువ కాబట్టి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ సాధనంలో నిజ వినియోగదారుల లెక్క అసలు కనబడకపోవచ్చు. అది తప్పు కాదు.

తెలుగు సైట్లలో వేగాన్ని తినేసేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఫాంట్లు. గుణింతాలు, వత్తుల కలయికల వల్ల తెలుగు ఫాంట్ ఫైలు లాటిన్ ఫాంట్ కన్నా బరువు. శీర్షికకు ఒకటి, మెనూకు ఒకటి, వార్తకు ఇంకొకటి అని మూడు నాలుగు పెట్టే థీములు (సైట్ రూపాన్ని నిర్ణయించే టెంప్లేట్లు) ఉంటాయి. అసలు ఫాంట్ వచ్చేలోపు ఫోన్‌లో ఉన్న ఫాంట్‌తో అక్షరాలు కనబడి, వచ్చాక వరుసల ఎత్తు మారి పేజీ కిందికి జారుతుంది. శీర్షికలకు మాత్రం ఒక ఫాంట్ పెట్టి, మిగతాదంతా ఫోన్‌లో ఉన్న ఫాంట్‌కే వదిలేయడం చాలా సైట్లకు సరిపోతుంది. రెండోది మొదటి పేజీ మీద తిరిగే ఫోటోల స్లైడర్. చైర్మన్ గారి ఫోటో కెమెరా నుంచి వచ్చినది వచ్చినట్టే ఎక్కించే సంప్రదాయం మన దగ్గర బలంగా ఉంది కాబట్టి, బొమ్మలను తానే తగ్గించి, చిన్న తెరకు చిన్న బొమ్మ పంపే సీఎంఎస్ అవసరం. వర్డ్‌ప్రెస్ ఒక్కో బొమ్మకు అనేక పరిమాణాలు తయారుచేసుకుంటుంది. 2021 నుంచి తేలికైన వెబ్‌పీ ఫైళ్లనూ అంగీకరిస్తోంది. అయితే వర్డ్‌ప్రెస్ నిదానంగా ఉందన్న ఫిర్యాదులో చాలాసార్లు దోషం బరువైన థీముది, ముప్పై ప్లగిన్లది, చవక హోస్టింగుది (సైట్‌ను ఉంచే సర్వర్ సేవ).

మరి ఏది ఎవరికి?

సంస్థ సైట్, కాలేజీ సైట్, స్థానిక వార్తల సైట్ వంటి వాటికి సొంత హోస్టింగులో పెట్టుకున్న వర్డ్‌ప్రెస్ నా మొదటి ఎంపిక. 2003లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దీని మీదే నడుస్తున్నాయి. నేను దీన్ని ఎంచడానికి కారణం ఆ సంఖ్య తెచ్చే సౌలభ్యం: చేసిన డెవలపర్ ఊరు వదిలి వెళ్లినా నల్లగొండలోనే ఇంకొకరు దొరుకుతారు. నెలనెలా అప్‌డేట్లు చేసే మనిషి లేకపోతే మాత్రం వద్దు. అప్‌డేట్ లేని ప్లగిన్ల గుండా దొంగలు చొరబడి, కాలేజీ పేరు కింద ఎవరో విదేశీ మందుల ప్రకటనలు గూగుల్‌లో కనబడే స్థితి వస్తుంది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది వేరే సేవ అనీ, దాని ఉచిత ప్లాన్‌లో ప్లగిన్లు పెట్టుకోనివ్వరనీ తెలుసుకొని దిగాలి.

ఒక్కరే రాసుకునే సైట్‌కు, ఖర్చు పెట్టే స్తోమత లేనివారికి బ్లాగర్ ఇప్పటికీ తీసిపారేయదగింది కాదు. సొంత డొమైన్ (సైట్ పేరు) తగిలించుకోవచ్చు, భద్రత గురించి బెంగ లేదు. పైన చెప్పిన చిరునామా సంగతి ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. విక్స్ పాత రోజుల్లో ఎస్‌ఈఓకు పనికిరాదన్న పేరు తెచ్చుకుంది. ఇప్పుడు ఆ మాట సరికాదు, కావలసిన సౌకర్యాలన్నీ ఉన్నాయి. అయితే విక్స్‌లో కట్టిన సైట్‌ను మొత్తంగా తీసుకెళ్లి వేరే హోస్టింగులో పెట్టుకోవడం కుదరదు.

గద్వాల, నారాయణపేట చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవారికి షాపిఫై లేదా వర్డ్‌ప్రెస్ మీద పనిచేసే వూకామర్స్ సరిపోతాయి. షాపిఫైలో చిరునామా మధ్యలో వచ్చే "ప్రొడక్ట్స్", "కలెక్షన్స్" అనే మాటలను మార్చలేము, దానివల్ల నష్టమూ లేదు. ఒకే చీర పట్టు విభాగంలోనూ పెళ్లి విభాగంలోనూ కనబడినప్పుడు రెండు చిరునామాలు ఏర్పడతాయి. అసలుది ఏదో చెప్పే "కెనానికల్" సూచనను అది తానే పెడుతుంది. చేనేతకు ప్రత్యేకమైన చిక్కు వేరే ఉంది. మగ్గం మీద నేసిన చీర తరచూ ఒక్కటే ఉంటుంది, అమ్ముడుపోగానే దుకాణదారు ఆ పేజీని తీసేస్తారు. ఆ పేజీకి వచ్చిన లింకులు, సూచికలో సంపాదించిన చోటు దాంతోపాటే పోతాయి. ఒక్కో చీరకు కాక ఒక్కో నేత రకానికి శాశ్వత పేజీ పెట్టి, అందులో ఉన్న చీరలను మారుస్తూ ఉండే ఏర్పాటును ముందే అడిగి చేయించుకోవాలి.

ద్రూపల్ మంచి వ్యవస్థే గానీ దాన్ని చూసుకోవడానికి తెలిసిన మనిషి జీతం మీద ఉండాలి. ప్రభుత్వ కార్యాలయాలకు ఈ చర్చ అక్కరలేదు. జిల్లాల సైట్లు కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వారి ఎస్‌3వాస్ వేదిక మీద నడుస్తున్నాయి. మరోవైపు, కొనేవారంతా గడియారం సెంటర్ చుట్టుపక్కల నుంచే వచ్చే దుకాణానికి సీఎంఎస్ కన్నా ముందు గూగుల్ మ్యాప్స్‌లో కనబడే బిజినెస్ ప్రొఫైల్ కావాలి. పేరు, ఫోన్ నంబరు, తెరిచి ఉండే వేళలు సరిగ్గా పెట్టుకుంటే చాలామందికి అదే సరిపోతుంది. ఈ సంగతి సైట్లు కట్టేవారు చెప్పరు.

ఒప్పుకునే ముందు కూర్చొని చూడవలసినవి

డెమోలో డెవలపర్ చేతికి మౌస్ ఇవ్వకుండా, రేపు సైట్‌ను చూసుకోబోయే మీ ఉద్యోగినే కూర్చోబెట్టండి. తెలుగు శీర్షికతో ఒక పేజీ చేసి, ఇంగ్లీషు లిపిలో పొట్టి చిరునామా ఇచ్చి ప్రచురించమనండి. తర్వాత ఆ చిరునామాను మార్చి, పాతదాన్ని ఫోన్‌లో తెరిస్తే కొత్తదానికి వెళ్తుందో లేదో చూడండి. వివరణ రాయడానికి, బొమ్మకు తెలుగులో పేరు పెట్టడానికి, ఒక పేజీని సెర్చ్ నుంచి దాచడానికి చోటు ఎక్కడుందో ఎవరూ చెప్పకుండా వారే కనిపెట్టగలగాలి. చివరగా మొత్తం విషయాన్ని ఒక ఫైలుగా దించుకోమనండి. అరగంటలో ఇవి కాకపోతే ఆ సీఎంఎస్ ఎంత గొప్పదైనా మీ ఆఫీసుకు తగదు.

వర్డ్‌ప్రెస్ విషయంలో ఇంకొక చిన్న టిక్కు పెట్టె ఉంది. సెట్టింగుల్లో రీడింగ్ అనే పేజీ అడుగున, సెర్చ్ ఇంజన్లు ఈ సైట్‌ను సూచికలో చేర్చవద్దని చెప్పే పెట్టె. సైట్ తయారవుతున్నప్పుడు దాన్ని టిక్ చేసి ఉంచుతారు. ప్రారంభోత్సవం రోజు తీయడం మరచిపోతారు. నెలలు గడిచినా గూగుల్‌లో సైట్ జాడ లేకపోతే, ఎస్‌ఈఓ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు అక్కడ ఒకసారి చూడాలి.

డొమైన్ ఎవరి పేరు మీద, ఎవరి ఈమెయిల్‌తో నమోదైందన్నది సీఎంఎస్ కన్నా పెద్ద ప్రశ్న. సైట్ చేసిన కుర్రాడి సొంత మెయిల్‌తో నమోదైన డొమైన్లు మన జిల్లాల్లో బోలెడు. అతను ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లాక, రెన్యువల్ నోటీసు అతను చూడని మెయిల్‌కు వస్తుంది. డొమైన్, హోస్టింగ్, సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో సైట్ ఎలా కనబడుతోందో యజమానికి చూపే గూగుల్ సాధనం) మూడూ సంస్థ పేరు మీదే ఉండాలి, డెవలపర్‌కు అనుమతి మాత్రమే ఇవ్వాలి.

ఇప్పటికే ఒక సీఎంఎస్‌లో ఉండి మారాలనుకునేవారు పాత సైట్‌ను ఆపేసే ముందు సెర్చ్ కన్సోల్ నుంచి సందర్శకులు వస్తున్న చిరునామాల జాబితాను దించుకొని, ప్రతిదానికీ కొత్త సైట్‌లో సమానమైన పేజీ ఏదో పక్కన రాసుకోవాలి. అన్నిటినీ మొదటి పేజీకి మళ్లించడం పని తప్పించుకోవడమే. గూగుల్ వాటిని లేని పేజీలుగానే లెక్కించే అవకాశం ఉంది. ఈ రీడైరెక్టులను కనీసం ఏడాది పాటు ఉంచమని గూగుల్ సలహా ఇస్తుంది. డొమైన్ కూడా మారుస్తున్నట్లయితే పాత డొమైన్ రెన్యువల్‌ను ఆ ఏడాది బడ్జెట్‌లో చేర్చుకోవాలి.